ఓడ ఎక్కాక పిల్లల లెక్క ఎవరి దగ్గర?

ప్రశ్న: మేడమ్ గారూ, సెలవుల్లో మేమూ, మా బావగారి కుటుంబం, అత్తయ్యగారు, మామయ్యగారు కలిసి మొత్తం 11 మందిమి 7 రోజుల క్రూయిజ్‌కి వెళ్తున్నాం. అందులో పిల్లలే ఐదుగురు. 2 ఏళ్ల పాప, 4 ఏళ్ల బాబు, 7, 9 ఏళ్ల పిల్లలిద్దరు, అందరికంటే పెద్దది 14 ఏళ్ల అమ్మాయి. "ఇంతమంది పెద్దవాళ్లం ఉన్నాం, ఎవరో ఒకరు చూస్తూనే ఉంటారు, నీకెందుకు టెన్షన్" అంటారు మా వారు. నాకేమో టికెట్లు బుక్ చేసిన రోజు నుంచీ నిద్ర పట్టడం లేదు. వేలమంది ఉండే ఓడలో పిల్లాడు చెయ్యి వదిలేస్తే ఎక్కడని వెతకాలి? జీపీఎస్ వాచీలు కొనిపెడితే సరిపోతుందా?
– ఇద్దరు పిల్లల తల్లి

జవాబు: మీ వారి మాటలోనే అసలు ప్రమాదం ఉందమ్మా. "ఎవరో ఒకరు చూస్తూనే ఉంటారు" అని బయల్దేరేటప్పుడు అంటారు, పిల్లాడు కనపడకపోయాక "నీ దగ్గర ఉన్నాడనుకున్నా" అంటారు. పదిమందిలో పాము చావదని పెద్దవాళ్లు ఊరికే అనలేదు. ఆరుగురు పెద్దవాళ్లున్న చోట ప్రతివాళ్లూ మిగతా ఐదుగురినీ నమ్ముకుని ఒక్క నిమిషం ఫోన్ చూసుకుంటారు, ఆ ఒక్క నిమిషం అందరికీ ఒకేసారి వస్తుంది.

అందుకని కింద నేను చెప్పేవన్నీ మర్చిపోయినా ఈ ఒక్కటి పట్టుకోండి. ఏ పూట ఏ పిల్లాడి లెక్క ఎవరిదో పేరు పెట్టి అనుకోండి, చేతులు మారేటప్పుడు నోటితో చెప్పుకోండి. "అత్తయ్యా, బాబు ఇప్పుడు మీ దగ్గర" అని మీరంటే, "సరే, నా దగ్గర" అని ఆవిడ అనాలి. ఆ జవాబు వచ్చేదాకా బాబు మీ దగ్గర ఉన్నట్టే. తల ఊపితే కుదరదు, ఎందుకంటే ఆవిడ తల ఊపింది పక్కన ఇంకెవరో అడిగినదానికి కావచ్చు. మొదటి రోజు అందరికీ కాస్త ఎబ్బెట్టుగా ఉంటుంది, రెండో రోజుకల్లా పిల్లలే "నేనిప్పుడు ఎవరి దగ్గర?" అని అడగడం మొదలుపెడతారు.

ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే ఇది నా మీదుగానే జరిగింది. మా చెల్లెలి కొడుక్కి అప్పుడు ఏడేళ్లు. స్విమ్మింగ్ పూల్ నుంచి అందరం తిరిగొస్తుంటే, వాడు నాతో ఉన్నాడని వాళ్ల నాన్న, వాళ్ల నాన్నతో ఉన్నాడని నేను అనుకుని రెండు లిఫ్టుల్లో దిగాం. క్యాబిన్ (ఓడలో మా గది) దగ్గర చూసుకుంటే వాడు లేడు. ఓడవాళ్లకి చెప్పడానికి మొహమాటపడి పావుగంట సేపు మాలో మేమే కాలుగాలిన పిల్లుల్లా పైకీ కిందకీ తిరిగాం. చివరికి గెస్ట్ సర్వీసెస్‌లో, అంటే ప్రయాణికులకి సాయం చేసే కౌంటర్లో, చెబితే నాలుగైదు నిమిషాల్లో ఫోన్ వచ్చింది, పిల్లాడు మా పై డెక్‌లో, అంటే పై అంతస్తులో, ఉన్నాడని. వెళ్లి చూద్దును కదా, సరిగ్గా మా క్యాబిన్‌కి పైన, ఎవరిదో క్యాబిన్ ముందు, తడి టవల్ చుట్టుకుని నిలబడి కార్డు తాళానికి ఆనిస్తున్నాడు. ఎర్ర లైటు వెలుగుతోంది, తీసి మళ్లీ పెడుతున్నాడు. అదే రంగు కార్పెట్, అవే దీపాలు, నంబర్లో ఒక్క అంకె తేడా. లిఫ్టులో ఎవరో దిగితే వాళ్ల వెనకే ఒక డెక్ ముందే దిగేశాడన్నమాట. నన్ను చూసి "తలుపెందుకు తియ్యట్లేదు పెద్దమ్మా?" అన్నాడు. తప్పిపోయానని వాడికి తెలియనే తెలియదు. మేమే తలుపు వేసేసుకున్నామనుకున్నాడు. ఆ మాట ఇప్పటికీ నా చెవిలో ఉంది.

అందుకే ఓడ ఎక్కిన మొదటి గంట ఫొటోలకి ఇవ్వకండి, పిల్లల్ని వెంటబెట్టుకుని నడవడానికి ఇవ్వండి. చాలా ఓడల్లో క్యాబిన్ నంబర్లో ముందుండే అంకె డెక్ నంబరే, చివరంకె సరిసంఖ్యా బేసిసంఖ్యా అన్నదాన్ని బట్టి ఓడకి ఏ పక్కనున్నామో తెలుస్తుంది. ఏడేళ్లవాడికి ఇది చెబితే ఆటలాగా పట్టేస్తాడు. చిన్నవాళ్లకి నంబర్లు గుర్తుండవు, వాళ్లకి లిఫ్టు ఎదురుగా ఉన్న బొమ్మ చూపించండి, మెట్ల దగ్గర గోడకి ఏ రంగుందో వాళ్లచేతే చెప్పించండి. లిఫ్టులోంచి ఎవరు దిగినా సరే, మన డెక్ నంబర్ వెలిగితేనే దిగాలని నేర్పండి. క్యాబిన్ తలుపు మీద పిల్లలు తాము గీసిన బొమ్మ ఒకటి అంటించుకోనివ్వండి, చాలా ఓడల్లో అయస్కాంతంతో అంటిస్తే అభ్యంతరం చెప్పరు. మా వాడి విషయంలో అదొక్కటి ఉన్నా సరిపోయేది.

ఇక జీపీఎస్ వాచీ. డబ్బులు దండగ, పైగా ఉందన్న ధీమాతో మీరు ఆదమరుస్తారు. ఓడంతా ఉక్కే, లోపలి డెక్‌లలో శాటిలైట్ సిగ్నల్ అందదు. నడిసముద్రంలో మామూలు మొబైల్ నెట్‌వర్క్ ఉండదు, ఓడలో ఉండే సముద్రపు నెట్‌వర్క్‌కి వాచీలోని సిమ్ తగులుకుంటే రోమింగ్ బిల్లు వాచిపోతుంది. వస్తువుల ఆచూకీ చెప్పే ఎయిర్‌ట్యాగ్ లాంటి బిళ్లలు చుట్టుపక్కల ఇంటర్నెట్ ఉన్న ఐఫోన్లు ఉంటేనే కబురు పంపుతాయి, పంపినా పదిహేను డెక్‌లలో ఏ డెక్‌లో ఉన్నాడో చెప్పవు. వాటికంటే పనికొచ్చేది రోజూ పొద్దున్నే క్యాబిన్ దాటేముందు ఆ రోజు బట్టల్లో ప్రతి పిల్లనీ పిల్లాణ్నీ తీసిన ఫొటో. కంగారులో "ఏ రంగు చొక్కా వేసుకున్నాడు?" అని అడిగితే కన్నతల్లికి కూడా నోట మాట రాదు. జేబులో ఒక కాగితం మీద మీ పేరు, ఫోన్ నంబర్ రాసి పెట్టండి. క్యాబిన్ నంబర్ మాత్రం మెడలో వేలాడే కార్డు మీద ఎవరికీ కనపడేలా రాయకండి, ఓడ ఇచ్చే కార్డుల మీద కూడా చాలామంది దాన్ని ముద్రించనిది అందుకే.

తప్పిపోతే ఏం చెయ్యాలో పిల్లలకి ముందే చెప్పి ఉంచాలి: కదలొద్దు, మెట్లు ఎక్కొద్దు, లిఫ్టు ఎక్కొద్దు, పేరున్న బ్యాడ్జీ పెట్టుకున్న ఓడ సిబ్బంది కనపడితే "మా అమ్మ కనపడట్లేదు" అని గట్టిగా చెప్పాలి. ఆ బ్యాడ్జీ ఎలా ఉంటుందో మొదటి రోజే ఎవరినైనా ఆపి దగ్గరగా చూపించండి. పెద్దవాళ్ల సంగతికొస్తే, మేం చేసిన తప్పు మీరు చెయ్యకండి. పిల్లాడు కనపడలేదని తెలిసిన క్షణమే ఒకరు దగ్గర్లో ఉన్న సిబ్బందికి చెప్పాలి లేదా క్యాబిన్ ఫోన్లోంచి గెస్ట్ సర్వీసెస్‌కి చెయ్యాలి, ఒకరు చివరిసారి చూసిన చోటే నిలబడాలి, ఒకరు సరాసరి పూల్ దగ్గరికి వెళ్లాలి. ముందు నీళ్లు, తర్వాతే ఆటల గది, తర్వాతే ఇంకేదైనా. ఓడవాళ్ల దగ్గర కెమెరాలుంటాయి, కిడ్స్ క్లబ్‌లో ఎవరు ఎప్పుడు వచ్చారో, ఓడ దిగేచోట ఎవరి కార్డు స్కాన్ అయిందో అన్నీ నమోదై ఉంటాయి. తీరా రెండు నిమిషాల్లో దొరికాడనుకోండి, థాంక్స్ చెప్పి వచ్చేయండి, ఎవరూ ఏమీ అనుకోరు.

పూల్ గురించి ఇంకాస్త చెప్పాలి, ఎందుకంటే నాకు అన్నిటికంటే భయం అక్కడే. పూల్ అన్నాక లైఫ్‌గార్డ్ ఉంటాడులే అనుకోకండి. కొన్ని పెద్ద కంపెనీలు పెట్టాయి, రాయల్ కరీబియన్ తన ఓడల్లో 2017లో మొదలుపెట్టింది. కానీ ఇప్పటికీ చాలా ఓడల్లో ఉండేది లైఫ్‌గార్డ్ లేడని చెప్పే బోర్డు మాత్రమే. మునిగిపోయే పిల్లాడు అరవడు, చేతులు కూడా ఊపలేడు, నోరు నీళ్ల అంచున ఉన్నప్పుడు ఊపిరికే సరిపోదు, ఇక కేకెక్కడిది? చుట్టూ మ్యూజిక్, జనం, నవ్వులు, వాటి మధ్య నిశ్శబ్దంగా అయిపోతుంది. కాబట్టి పూల్ దగ్గర లెక్క తీసుకున్న మనిషి చేతిలో ఫోన్ ఉండకూడదు, పుస్తకం ఉండకూడదు, చిన్నవాళ్లయితే చెయ్యి చాపితే అందేంత దూరంలో తనూ నీళ్లలోనే ఉండాలి. ఇరవై నిమిషాలకోసారి మనిషి మారండి, అంతకంటే ఎక్కువసేపు ఎవరూ కళ్లల్లో ఒత్తులు వేసుకుని చూడలేరు. గాలి నింపిన చేతి పట్టీలు బొమ్మల కిందే లెక్క. డైపర్ వేసుకునే పాపని మామూలు పూల్స్‌లోకి సాధారణంగా రానివ్వరు, స్విమ్ డైపర్ వేసినా సరే. చంటిపిల్లలకి వేరే చోటుందేమో బుక్ చేసేముందే అడగండి.

బాల్కనీ క్యాబిన్ తీసుకున్నారా? మీరు రాయలేదు. అమెరికా రేవుల నుంచి నడిచే పెద్ద ఓడలకి 2010లో చేసిన చట్టం ప్రకారం రెయిలింగ్ కనీసం 42 అంగుళాలు, అంటే దాదాపు 107 సెంటీమీటర్లు ఉండాలి. మీ నాలుగేళ్లవాడు మీటరు అటూ ఇటూ ఉంటాడు కాబట్టి నిలబడితే రెయిలింగ్ తలకంటే పైనే ఉంటుంది, అక్కడిదాకా ఫరవాలేదు. అదే వాడు 45 సెంటీమీటర్ల కుర్చీ లాక్కొచ్చుకుని ఎక్కితే రెయిలింగ్ వాడి బొడ్డు దగ్గరికి వస్తుంది. ఒంగి చూస్తే బరువంతా అవతలే. క్యాబిన్ సర్దడానికి వచ్చే స్టీవార్డ్‌కి చెప్పి కుర్చీలు, బల్ల మొదటి రోజే తీయించేయండి, అడిగితే తీస్తారు. బాల్కనీ తలుపు పై గడియ ఎప్పుడూ వేసి ఉంచండి. ఫొటో కోసమని పిల్లల్ని ఏ రెయిలింగ్ మీదా, ఏ కిటికీ అంచు మీదా కూర్చోబెట్టకండి, ఎవరు పట్టుకున్నా సరే, మామయ్యగారు ముచ్చటపడినా సరే. క్యాబిన్ తలుపులు కూడా బరువైనవి, బాల్కనీ తలుపు తెరిచి ఉన్నప్పుడు గాలికి దభాల్న మూసుకుంటాయి. చిన్నవేళ్లు నలిగేది అక్కడే.

రేవులో దిగిన రోజు లెక్క మూడుసార్లు: దిగేముందు, తిరుగు ప్రయాణంలో బస్సో పడవో ఎక్కేముందు, ఓడ ఎక్కాక. ఫోన్ ఆ ఊరి టైముకి తనంతట తానే మారిపోవచ్చు, ఓడ టైము వేరే ఉండొచ్చు. అందుకని ఒకరైనా చేతికి మామూలు వాచీ ఓడ టైముతో పెట్టుకోండి. ఆ రోజు ఓడవాళ్లు ఇచ్చే కాగితంలో రేవు ఏజెంటు, అంటే ఆ ఊళ్లో ఓడ తరఫున పనులు చూసే మనిషి, నంబరుంటుంది, దాన్ని ఫొటో తీసుకుని దిగండి.

ప్రశ్న: ఓడ ఎక్కగానే సేఫ్టీ డ్రిల్ ఉంటుందట. ఇప్పుడు ఫోన్లోనే వీడియో చూసేస్తే చాలని స్నేహితులు అంటున్నారు. అలసిపోయి ఉన్న పిల్లల్ని కూడా తిప్పాలా? నిజంగానే సైరన్ మోగినప్పుడు పిల్లలు కిడ్స్ క్లబ్‌లో ఉంటే మేం అక్కడికి పరుగెత్తాలా?
– ఒక తండ్రి

జవాబు: తిప్పాలండీ. వీడియో చూశాక కూడా మీ మస్టర్ స్టేషన్‌కి, అంటే ప్రమాదమొస్తే మీరు చేరాల్సిన చోటుకి, స్వయంగా వెళ్లి హాజరు వేయించుకోవాలి. అక్కడికి పిల్లల్ని క్యాబిన్ దగ్గర్నుంచి నడిపించుకుంటూ, లిఫ్టు లేకుండా మెట్ల మీదుగా తీసుకెళ్లండి. 2012 జనవరి 13 రాత్రి ఇటలీలో జీలియో దీవి దగ్గర కోస్టా కాంకోర్డియా రాయికి కొట్టుకుని ఒరిగిపోయినప్పుడు, ఆ రోజే ఎక్కిన వందలమందికి ఇంకా డ్రిల్ జరగలేదు. ఎక్కిన 24 గంటల్లోపు చేస్తే చాలని అప్పటి నియమం. 32 మంది పోయారు. ఆ తర్వాతే అంతర్జాతీయ నియమం మారి, 2015 నుంచి ఓడ కదలకముందో, కదిలిన వెంటనేనో డ్రిల్ అయిపోవాలని పెట్టారు. అంత నష్టం జరిగాక వచ్చిన నియమం అది, పిల్లలు చిరాకుపడుతున్నారని పది నిమిషాలు మిగుల్చుకోకండి.

సైరన్ ఏడు పొట్టి కూతలు, తర్వాత ఒక పొడుగు కూత. పిల్లలచేత నోటితో పలికించండి, ఒక్క సాయంత్రంలో వచ్చేస్తుంది, నిద్రలో విన్నా గుర్తుపడతారు.

కిడ్స్ క్లబ్ సంగతి మాత్రం మొదటి రోజే క్లబ్ వాళ్ల మొహం చూసి అడగాల్సిన ప్రశ్న. చాలా ఓడల్లో పిల్లల చేతికి మస్టర్ స్టేషన్ రాసిన రిస్ట్‌బ్యాండ్ వేస్తారు, సైరన్ మోగితే సిబ్బందే ఆ పట్టీ చూసి పిల్లల్ని మీ స్టేషన్‌కి తీసుకొస్తారు. అలాంటి ఓడలో మీరు క్లబ్ వైపు పరుగెత్తితే జనానికి ఎదురు వెళ్తారు, మీ పిల్లాడేమో మీ స్టేషన్‌లో మీరు లేక బిక్కమొహం వేసుకుని ఉంటాడు. కొన్నిచోట్ల తల్లిదండ్రులే వచ్చి తీసుకెళ్లాలంటారు. మీ ఓడలో ఏదో కచ్చితంగా తెలుసుకుని భార్యాభర్తలిద్దరూ ఒకటే మాట మీద ఉండండి. ఆ పట్టీ దురద పెడుతోందని పిల్లలు పీకేస్తుంటారు, పోతే వెంటనే ఇంకోటి వేయించండి.

క్యాబిన్‌లో ఉండే లైఫ్ జాకెట్లు సాధారణంగా పెద్దవాళ్లవి. 15 కిలోలలోపు చంటిపిల్లలకి ఒక రకం, 15 నుంచి 43 కిలోల దాకా ఇంకో రకం, ఆ పైన పెద్దవాళ్లవే. పెద్ద జాకెట్ చిన్నపిల్లాడికి తొడిగితే నీళ్లలో మనిషి జారిపోయి జాకెట్ పైకి తేలుతుంది. ఎక్కిన రోజే స్టీవార్డ్‌ని అడిగి, పిల్లాడి బరువు చెప్పి, సరైనది ఎక్కడుందో చూసి, ఒకసారి తొడిగి విప్పండి. కొన్ని ఓడల్లో క్యాబిన్‌లో కాకుండా స్టేషన్‌లోనే ఇస్తారు, అలాగైనా పిల్లల సైజు ఉందో లేదో అడిగి రండి.

ప్రశ్న: మా బాబుకి ఆరేళ్లు, ఆటిజం ఉంది, మాటలు తక్కువ. తలుపు తెరిచి ఉంటే చాలు వెళ్లిపోతాడు, నీళ్లంటే ప్రాణం. అందరూ వద్దంటున్నారు. వెళ్లొచ్చా?
– ఒక అమ్మ

జవాబు: వెళ్లొచ్చమ్మా, మీ బాబుకి సముద్రం చూసే హక్కు అందరి పిల్లల్లాగే ఉంది. కాకపోతే మీ తయారీ బుకింగ్ రోజే మొదలవ్వాలి. బాల్కనీ క్యాబిన్ వద్దు, లోపలి క్యాబినో తెరుచుకోని కిటికీ ఉన్నదో తీసుకోండి. ప్రత్యేక అవసరాలున్న ప్రయాణికుల కోసం పెద్ద కంపెనీల్లో వేరే విభాగం ఉంటుంది, వాళ్లకి ముందే రాయండి: మాటలు తక్కువని, పిలిస్తే పలకడని, నీళ్ల వైపే వెళ్తాడని, ఎలా దగ్గరికి తీస్తే భయపడడో కూడా. ఎక్కగానే అదే విషయం ఫొటోతో సహా గెస్ట్ సర్వీసెస్‌లోనూ, మీ స్టీవార్డ్‌కీ చెప్పండి. కారిడార్‌లో రోజంతా ఉండేది ఆయనే, మీ బాబు ఒంటరిగా కనపడితే మొదట గుర్తుపట్టేదీ ఆయనే.

క్యాబిన్ తలుపు లోపలినుంచి పిల్లాడు హ్యాండిల్ నొక్కితే తెరుచుకుంటుంది, ప్రమాదంలో బయటపడడానికి అలా ఉండాల్సిందే కూడా. తలుపు కదిలితే మోగే చిన్న బ్యాటరీ అలారం తీసుకెళ్లండి, ఓడలోకి అనుమతిస్తారో లేదో ముందు అడిగి. తలుపు వైపు మంచంలో మీరు పడుకోండి. సైరన్ శబ్దానికి బెదిరిపోతాడనుకుంటే చెవులకి పెట్టే హెడ్‌ఫోన్లు దగ్గరుంచుకోండి, డ్రిల్ కాస్త జనం తక్కువున్న వేళలో చూపించమని అడగండి. బయటున్నప్పుడు ఆ పూట బాబు లెక్క పట్టినవాళ్లకి ఇంకో పని పెట్టకండి, ఇంకో పిల్లని కూడా అప్పజెప్పకండి. మీకూ విశ్రాంతి కావాలి కాబట్టి మీతోపాటు ఇంకొక్క మనిషైనా బాబు అలవాట్లు తెలిసినవాళ్లు రావాలి. మీరొక్కరే అయితే మాత్రం ఈసారికి ఆగమనే చెబుతాను.

ప్రశ్న: ఆంటీ, నాకు 14. ఓడలో టీన్ క్లబ్ ఉంది, నా వయసువాళ్లందరూ ఒంటరిగానే తిరుగుతారట. అమ్మ నన్ను చిన్నపిల్లలాగా చెయ్యి పట్టుకునే తిరగమంటోంది. అమ్మకి మీరైనా చెప్పండి.
– ఒక అమ్మాయి

జవాబు: అమ్మకి చెబుతాను తల్లీ, ముందు నీకు చెబుతాను. టీన్ క్లబ్‌లో చిన్నపిల్లల క్లబ్‌లాగా సంతకం పెట్టి తీసుకెళ్లడం ఉండదు, నువ్వు ఎప్పుడొచ్చావో ఎప్పుడెళ్లావో ఎవరూ కాపలా కాయరు. కాబట్టి నీ లెక్క కొంత నువ్వే పట్టాలి. క్లబ్‌లో ఎంత మంచి స్నేహితులు దొరికినా వాళ్ల క్యాబిన్‌లోకి వెళ్లకు, వాళ్లని నీ క్యాబిన్‌లోకి రానివ్వకు, ఇది ఎంత మంచివాళ్లకైనా వర్తించే నియమం. ఓడలో పనిచేసేవాళ్లు ఎవరైనా సిబ్బంది మాత్రమే వెళ్లే తలుపులోకి రమ్మంటే వెళ్లకు, ఆ సంగతి ఆ రోజే అమ్మకి చెప్పు. క్యాబిన్ నంబర్ ఎవరికీ చెప్పకు. ఎవరైనా పెద్దవాళ్లు తాగడానికి ఇస్తే ముట్టుకోకు. ఎవరి మాటో, చూపో ఇబ్బందిగా అనిపిస్తే కారణం వెతక్కుండా అక్కణ్నుంచి వచ్చేయ్, నిన్నెవరూ తప్పు పట్టరు.

ఇప్పుడు అమ్మకి. అమ్మా, చెయ్యి పట్టుకుని తిప్పితే పిల్ల మూడో రోజు చెప్పకుండా వెళ్తుంది, అది ఇంకా ప్రమాదం. చాలా కంపెనీల యాప్‌లలో ఓడ వైఫై మీదే మెసేజ్ పెట్టుకోవచ్చు, కానీ దాని మీదే ఆధారపడకండి, ఛార్జింగ్ అయిపోతుంది. క్యాబిన్‌లో అద్దం దగ్గర ఒక చిన్న నోట్‌బుక్, పెన్ను పెట్టండి. ఎక్కడికి, ఎవరితో, ఎన్నింటికి వస్తాను అని రాసిపెట్టి వెళ్లాలి, చోటు మారితే వచ్చి మార్చి రాయాలి. అమ్మ ఎక్కడికెళ్తోందో అమ్మ కూడా అందులోనే రాయాలి. రాత్రి భోజనం అందరూ కలిసే. క్లబ్ ఎన్నింటికి మూసినా నీ టైము వేరు, ఆ టైము మీరిద్దరూ ఓడ ఎక్కకముందే కూర్చుని మాట్లాడుకుని, నోట్‌బుక్ మొదటి పేజీలో నీ చేత్తో రాయి.